డ్రిల్లు పీరియడు విలువ
నల్లగొండ, పాలమూరు జిల్లాల పాఠశాలలలో వ్యాయామ విద్య

ఈ శతాబ్ది సంచికలో దేవాలయముల నిర్మాణమును గురించి, ఆసుపత్రులను గురించి, తొలినాటి బోధకులను గురించి పెద్దలు వ్రాస్తున్నారు. సంపాదక వర్గమువారు నన్ను కూడా ఒక చరిత్ర వ్యాసము అడిగినప్పుడు, ఎవరూ పట్టించుకోని ఒక స్థలమును గురించి వ్రాయాలని అనిపించినది. అది మన పాఠశాలల ఆటస్థలము. సంఘ కాపరి ఆటలను గురించి వ్రాయడమేమిటని కొందరికి తోచవచ్చును. ముందుగా ఆ సందేహమునకు జవాబు చెప్పి, తరువాత చరిత్రలోనికి పోతాను.

పౌలు భక్తుడు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో నాలుగవ అధ్యాయము ఎనిమిదవ వచనము మన ఇండ్లలో పిల్లలను మందలించడానికి బాగా ఉపయోగపడుతుంది. ఆట మాని పుస్తకము పట్టుకొమ్మని చెప్పే తండ్రులకు ఆ వచనము కంఠస్థమే. కాని అపొస్తలుడు అక్కడ శరీర సాధన వ్యర్థమని చెప్పలేదు. దాని మేలుకు ఒక హద్దు ఉన్నదని, భక్తి వలన కలుగు మేలుకు హద్దు లేదని పోల్చి చూపినాడు. గ్రీకు మూలములో అక్కడ వాడిన మాట ‘గుమ్నసియ’. జిమ్నేషియం అనే పేరు కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. కొరింథు సమీపమున రెండేండ్లకొకసారి గొప్ప క్రీడోత్సవము జరిగేది. అందుకే ఆ సంఘమునకు వ్రాసినప్పుడు పౌలు పరుగు పందెమును, ముష్టియుద్ధమును ఉపమానములుగా తీసుకొన్నాడు. ఆటగాని క్రమశిక్షణ ఎటువంటిదో తెలియనివారికి ఆ ఉపమానము అర్థము కాదు గదా!

నేను చదువుకొన్నది 1990 దశకములో, మన ప్రాంతములోని ఒక పల్లె బడిలో. టైంటేబులులో వారమునకు రెండు డ్రిల్లు పీరియడ్లు ఉండేవి. డ్రిల్లు సారు బదిలీ అయి వెళ్లిన తరువాత ఆ పీరియడ్లు లెక్కల సారు చేతికి వచ్చినవి. బీరువాలో ఒక వాలీబాలు ఉండేది. ఇన్‌స్పెక్షను రోజున తాళము తీసి దానిని బయట పెట్టేవారు. సాయంత్రము మళ్లీ తాళము వేసేవారు. పదవ తరగతి పూర్తి అయ్యేవరకు ఆ బంతిని నేను చేతితో ముట్టలేదు. ఆ రోజులలో అది నాకు పెద్ద నష్టముగా కనబడలేదు. ఈనాడు సంఘములో పిల్లలను చూస్తున్నప్పుడు కనబడుతున్నది.

ఊరి ఆటలు

బడి రాకముందు మన పల్లెలలో ఆటలు లేవని కాదు. చిర్రగోనె, కోతికొమ్మచ్చి, గోళీలు, తొక్కుడుబిళ్ల, చెడుగుడు తరతరములుగా ఉన్నవి. పట్టణములలోను, పెద్ద ఊళ్లలోను కుస్తీ నేర్పే తాలీములు ఉండేవి. ఎండకాలము వచ్చిందంటే పిల్లలు బావులలో ఈతకు దిగేవారు. అయితే ఊరు ఎట్లా విభజింపబడి ఉన్నదో ఆటలు కూడా అట్లే విభజింపబడి ఉండేవి. ఏ బావిలో ఎవరు దిగవచ్చునో కులము నిర్ణయించేది. వాడ పిల్లలు వాడలోనే ఆడుకొన్నారు, ఊరి పిల్లలు ఊరిలో ఆడుకొన్నారు.

ఇక్కడ చెడుగుడును గురించి ఒక మాట చెప్పవలెను. ఆ ఆటలో ఎదుటివానిని ముట్టకుండా గెలవడము సాధ్యము కాదు. కూతకు పోయినవాడు ముట్టి రావలెను, నిలిచినవారు వానిని పట్టుకోవలెను. అంటరానితనము పాటించే ఊరిలో అన్ని వాడల పిల్లలు ఒకే గీత మీద నిలిచి చెడుగుడు ఆడినారంటే, ఒక గంటసేపైనా ఆ ఆచారము ఓడిపోయినట్లే. ఊరు ఆ గీతను గీయలేదు. అందరికీ ఒకే నేల ఉన్న చోట, అందరినీ కలిపి నిలబెట్టే ఉపాధ్యాయుడు ఉన్న చోట, పాఠశాల దానిని గీయగలిగినది. ఈ పల్లె ఆట కబడ్డీ పేరుతో 1990లో బీజింగు ఆసియా క్రీడలకు ఎక్కినప్పుడు భారతదేశమే బంగారు పతకము గెలుచుకొన్నది.

శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు

అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున 1885లో ఎల్బర్ట్ చూట్ దొరగారు పాలమూరులోను, 1890లో అబ్రహాము ఫ్రీసెన్ దొరగారు నల్లగొండలోను కేంద్రములు నెలకొల్పినారు. ఆ కాలపు మిషను పాఠశాలల మొదటి గురి అక్షరము, లెక్క, వేదపాఠము. చదువు ముఖము ఎరుగని కుటుంబములకు అక్షరమే మహాభాగ్యము. కనుక ఆటకు ప్రత్యేకమైన ఉపాధ్యాయుడు కావాలనే ఆలోచన వెంటనే రాకపోవడములో ఆశ్చర్యము లేదు.

ఆ ఆలోచన మన దేశమునకు ముఖ్యముగా వై.ఎం.సి.ఏ. ద్వారా వచ్చినది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాల ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో, చలికాలములో విద్యార్థులు లోపలనే ఆడుకొనుటకు వీలుగా, పండ్ల బుట్టలు రెండు బాల్కనీ అంచుకు కొట్టించి బాస్కెట్‌బాలును కల్పించినాడు. 1895లో హోలియోకు పట్టణపు వై.ఎం.సి.ఏ.లో విలియం మోర్గన్ వాలీబాలును తయారు చేసినాడు. ఆనాడు మా బడి బీరువాలో తాళము వేసి ఉంచిన బంతి వెనుక ఇంత కథ ఉన్నదని నాకు తెలియదు.

స్ప్రింగ్‌ఫీల్డులోనే చదివిన హ్యారీ క్రో బక్ గారు 1919లో మద్రాసుకు వచ్చి, 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించినారు. మన దేశములో వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన తొలి కళాశాల అది. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టు వెంట బక్ గారు కూడా వెళ్లినారు. 1943లో మద్రాసులోనే కన్నుమూసినారు. మరొక సంగతి కూడా మనము గుర్తుంచుకొనదగినది. భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషేకము పొంది, దోర్నకల్ అధ్యక్షులైన అజరయ్యగారు అంతకు ముందు అనేక సంవత్సరములు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేసినవారే. శరీరము, మనస్సు, ఆత్మ అనే మూడు భుజముల త్రికోణమే ఆ సంఘపు గుర్తు.

నిజాము రాజ్యములో 1931లో హైదరాబాదున ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఏర్పడినది. అప్పటికి దేశములో అటువంటి కళాశాలలు వేళ్ల మీద లెక్కింపదగినన్నే. అప్పటినుండి హైదరాబాదు రాజ్యములో డ్రిల్లు మాస్టరు అంటే సైన్యము నుండి వచ్చి కవాతు చేయించేవాడు మాత్రమే కానవసరము లేకపోయినది. శరీర నిర్మాణము, ఆటల నియమములు, బోధన పద్ధతులు నేర్చుకొన్న ఉపాధ్యాయుడు కాగలిగినాడు.

అటువంటి ఉపాధ్యాయుడు ఏమి చేయగలడో చూపినవారు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వారు 1909లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయములో పట్టా పొంది, కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడులలో పాఠములు చెప్పినారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకొని బడి ఆటల బాధ్యత కూడా వహించినారు. ఆ బడిపంతులే భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడై 1951 ఢిల్లీలోను, 1962 జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకములు సాధింపజేసినారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానము పొందినది కూడా వారి శిక్షణలోనే. ఆటగాండ్లు అలవాటు లేని కాలితోనే బంతిని తన్నవలెనని నియమము పెట్టి వారు పోటీలు ఆడించేవారట. ఎడమ చేతితో దస్తూరి దిద్దించినట్లు! బలహీనమైన అవయవమును గుర్తించి, దానికి పని చెప్పి, బలపరచడమే బోధన. 1963లో వారు మరణించిన తరువాత భారత ఫుట్‌బాలుకు ఆసియా క్రీడలలో మళ్లీ బంగారు పతకము రాలేదు.

“పొద్దంతా పని చేసే పిల్లకు కసరత్తు ఎందుకు?”

ఈ ప్రశ్న నన్ను మన సంఘస్థులే అడిగినారు. పాలమూరు జిల్లాలో ఇది తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదు. కరవు వలన మేస్త్రీల వెంట వలస వెళ్లి, దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన చేతులు పాలమూరు చేతులు. తల్లిదండ్రుల వెంట వెళ్లి మట్టి తట్టలు మోసిన పిల్లలు ఎందరో. ఇంటివద్ద ఉన్నవారు పశువులు కాసినారు, పత్తి ఏరినారు, నీళ్లు మోసినారు. అలసిపోయిన ఆ పిల్లను మళ్లీ పరుగెత్తమనడము న్యాయమా?

పని వేరు, వ్యాయామము వేరు. తట్ట మోసే పిల్ల మెడ, నడుము ఒకే విధముగా అణగుతవి. ఎముకలు ఎదిగే వయస్సులో ఆ బరువు కీడు చేస్తుంది. వ్యాయామ విద్య శరీరములోని అన్ని భాగములకు సమముగా పని చెబుతుంది, వయస్సును బట్టి బరువు నిర్ణయిస్తుంది, విశ్రాంతిని కూడా నేర్పుతుంది. పనిలో పిల్ల మేస్త్రీ మాట వింటుంది. ఆటలో ఆ పిల్లే నాయకురాలు కావచ్చును, ఓడిపోయి మరునాడు గెలవవచ్చును. పని చేసే పిల్లలకు ఆట అక్కరలేదనడము, వారి బాల్యము కూడా కూలికి పోయినదని ఒప్పుకొనడమే.

నల్లగొండలో మరొక సంగతి ఉన్నది. ఫ్లోరైడు నీటి వలన మన జిల్లా పేరు ప్రపంచమునకు తెలిసినది. పటిక, సున్నము వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు కూడా వచ్చినది. 1970 దశకపు తొలి సంవత్సరములలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడు ప్రాంతముల పిల్లలలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వికలతను వర్ణించినారు. ఎముకలకు పట్టిన ఈ వ్యాధిని పల్లెలలో గుర్తించడానికి వైద్యులు చేయించే పరీక్షలు మూడు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలి వేళ్లను, లేదా నేల మీది నాణెమును అందుకొనడము, గడ్డమును రొమ్ముకు ఆనించడము, చేతులు చాచి తల వెనుకకు చేర్చడము.

చదువరులారా, ఈ మూడును ఎక్కడో చూసినట్లు లేదా? ఇవి మన డ్రిల్లు సార్లు చేయించే కసరత్తులే! ప్రతి దినము పిల్లలను వరుసలో నిలబెట్టి వంగమని, చేతులు చాచమని చెప్పి, ఎవరు వంగలేకపోతున్నారో చూసే ఉపాధ్యాయుడు ఉన్న బడిలో, ఆసుపత్రి మెట్టు ఎక్కకముందే వ్యాధి జాడ తెలియవచ్చును. డ్రిల్లు పీరియడు లెక్కల పీరియడుగా మారిన బడిలో ఆ పిల్లవాడు బల్ల వెనుక కూర్చొని ఉంటాడు, ఎవరికీ కనబడడు. వంగలేని పిల్లవానిని చూసి నవ్వకుండా, పక్కకు పంపకుండా, అతనికి తగిన ఆటను చూపడము కూడా మంచి వ్యాయామ విద్యలో భాగమే. యునెస్కో 1978లో ప్రకటించి 2015లో సవరించిన అంతర్జాతీయ శాసన పత్రము, వ్యాయామ విద్య ప్రతి ఒక్కరి హక్కు అని చెబుతున్నది. వికలాంగులను, బాలికలను వెలుపల ఉంచరాదని స్పష్టముగా కోరుతున్నది.

భువనగిరి బండ

ఇప్పుడు మన కండ్ల ఎదుటి చరిత్రకు వద్దాము. హైదరాబాదు నుండి వరంగల్లుకు రైలులో వెళ్లేవారందరికీ భువనగిరి కొండ కనబడుతుంది. ఐదువందల అడుగులకు పైబడి లేచిన ఏకశిల అది. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మీద త్రిభువనగిరి, క్రమముగా భువనగిరి అయినదంటారు. ఆ నీడలోనే మన పిల్లలు మేకలు మేపినారు. దానిని ఎక్కడము ఒక పాఠము కాగలదని ఎవరికీ తోచలేదు.

అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయముల సంస్థకు, పాలమూరు జిల్లా ఆలంపురములో జన్మించిన ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు కార్యదర్శి. 2013లో ఆ గురుకులముల నుండి వంద మందికి పైబడిన విద్యార్థులను ఎంపిక చేసి భువనగిరి బండ మీద శిక్షణ ఇప్పించినారు. బాచినేపల్లి శేఖర్ బాబు గారు శిక్షకులు. బండ మీద నిలిచినవారిలో కొందరిని డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు, తరువాత చలికి అలవాటు పడుటకు లడఖుకు పంపినారు. చివరకు ఇద్దరు మిగిలినారు. ఒకరు నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, వ్యవసాయ కూలీల బిడ్డ. మరొకరు ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, సైకిళ్లు బాగుచేసే వాని కుమారుడు.

2014 మే 25న ఈ ఇద్దరు ఎవరెస్టు శిఖరము మీద నిలిచినారు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాలు వైపు మంచు చరియ విరిగిపడి పదహారుమంది నేపాలీ సహాయకులు మరణించిన వార్త విని కూడా, టిబెటు వైపునుండి వారు ముందుకు సాగినారు. అప్పటికి పూర్ణ వయస్సు పదమూడేండ్ల పదకొండు నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికలలో ఆమెకంటె చిన్నది అంతవరకు లేదు. ఎనిమిది రోజులకు, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది.

ఈ సంగతిని ప్రసంగములలో అందరూ చెప్పుకొన్నారు, శిఖరమును గురించి మాట్లాడినారు. నేను బండను గురించి ఆలోచిస్తాను. ఆ బండ వేల ఏండ్లుగా అక్కడే ఉన్నది. పేద పిల్లల కాళ్లలో బలము కూడా ఎప్పుడూ ఉన్నది. లేనివి మూడు: నేర్పే గురువు, పట్టుకొనే తాడు, అందుకు కేటాయించిన సమయము. ఆ మూడు దొరకగానే ఏమి జరిగినదో లోకము చూసినది. శిఖరము చేరని ఆ వంద మంది మాట కూడా మరువరాదు. వారు ఎత్తుకు భయపడని మనస్సుతో బడికి తిరిగి వెళ్లినారు. నాకు తోచినంతవరకు, పాఠశాలలో వ్యాయామ విద్యకు నిజమైన ఫలము వారే. పతకము ఒక్కరికి వస్తుంది, పాఠము అందరికీ అందవలెను.

మన ముందున్న బాధ్యత

చట్టములకు కొదువ లేదు. 1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారి విద్యా సంఘము వ్యాయామ విద్యను విద్యలో భాగముగా చూడవలెనని చెప్పినది. 1986 జాతీయ విద్యా విధానము ఆ మాటనే బలపరచినది. 2009 విద్యా హక్కు చట్టము ప్రతి బడికి ఆటస్థలము, ఆట వస్తువులు ఉండవలెనని, ఆరు నుండి ఎనిమిది తరగతులలో వంద మందికి మించి పిల్లలున్న చోట వ్యాయామ విద్యకు బోధకుడు ఉండవలెనని నిర్దేశించినది. ఐదు నుండి పదునేడు ఏండ్ల పిల్లలు సగటున దినమునకు అరువది నిమిషములు ఒళ్లు వంచి కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పదకొండు నుండి పదునేడు ఏండ్లవారిలో నూటికి ఎనుబది ఒక్కరు అంత కదలడము లేదని, 2016 నాటి లెక్కలను బట్టి ఆ సంస్థ పరిశోధకులు తేల్చినారు. ఇది ధనిక దేశముల జబ్బు మాత్రమే కాదు. ఫోను చేతికి వచ్చిన తరువాత మన పల్లెలలో కూడా అదే పరిస్థితి. నిన్న తట్ట మోసి వంగిన వీపు, ఈనాడు ఫోను చూసి వంగుతున్నది.

శతాబ్ది సందర్భముగా సంఘ సభ్యులను నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. మొదటిది, మీ పిల్లల బడికి వెళ్లినప్పుడు మార్కులతోపాటు డ్రిల్లు పీరియడును గురించి కూడా ప్రధానోపాధ్యాయుని అడుగండి. అడిగేవారు లేరు గనుకనే అది మాయమవుతున్నది. రెండవది, బాలికలకు పదమూడేండ్లు నిండగానే ఆట మాన్పించవద్దు. పూర్ణ ఎవరెస్టు ఎక్కినది ఆ వయస్సులోనే. మూడవది, మన పూర్వులు విడిచిపెట్టిన కాంపౌండులలోని ఖాళీ స్థలములను గురించి. పట్టణములు పెరిగి ఆ భూముల ధర పెరిగినది, దుకాణములు కట్టి అద్దెకు ఇవ్వాలనే మాట అక్కడక్కడ కమిటీలలో వినబడుతున్నది. అద్దె వస్తుంది, నిజమే. కాని ఒకసారి దుకాణము లేచిన చోట మళ్లీ పిల్లలు పరుగెత్తలేరు. చుట్టుపక్కల అన్ని మతముల, అన్ని వాడల పిల్లలు సాయంత్రము ఆడుకొనే నేల ఆ ఊరిలో అదొక్కటే అయి ఉండవచ్చును. దానిని అమ్మే ముందు, ఆ పిల్లలను కూడా కమిటీ సభ్యులుగా భావించి ఆలోచించండి.

కిందటి ఏడు మా గుడి ఆవరణలో గడ్డి చెక్కించి, సున్నముతో గీతలు గీయించి, వల కట్టించినాము. వాలీబాలు కొన్నాము. దానికి బీరువా కొనలేదు.